పద్మిని కారు కమాను కట్టను

నేను ప్రీమియర్ పద్మిని కారు వెనక భాగాన్ని మోసిన కమాను కట్టను. సత్యవేడులో ఒక షెడ్డు వెనక తుమ్మచెట్టు కింద పడి ఉన్నాను. కట్ట అని పేరే గానీ, మిగిలింది రెండు చివర్లా కళ్లున్న మొదటి పట్టీ ఒక్కటే.

నా పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సిలికాన్, మాంగనీసు కలిసిన ఉక్కుని ఎర్రగా కాల్చి వంచారు, నూనెలో ముంచారు, మళ్లీ తక్కువ వేడిలో కాచారు. ఆ రెండో వేడే మాకు ప్రాణం. అది సరిగ్గా పడితే ఎన్నిసార్లు వంగినా మా వంపులోకి మేం తిరిగి వచ్చేస్తాం. బొంబాయి కుర్లాలో కారు కిందికి చేరాను. ముందు చక్రాలకి కాయిల్ స్ప్రింగులు, వెనక మేము.

మొదటి యజమానిది సత్యవేడే. ఈ ప్రాంతం 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌లో కలిసేదాకా చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. అందుకే ఇక్కడివాళ్లకి పనైనా సరదా అయినా మద్రాసే. ఆయనకి రేసుల పిచ్చి. ఊత్తుకోట మీదుగా వెళ్తే షోళవరం ఎంతో దూరం కాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద అక్కడ మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ రేసులు జరిపేది. చూసి చూసి, తన కారునీ అలా పరిగెత్తించాలనుకున్నాడు. పద్మిని ఇంజను 1089 సీసీ. దాన్నుంచి ఎంత పిండినా కొంతే వస్తుంది. గెలుపోటములు మలుపులోనే తేలాలి.

మద్రాసులో ఆయన పట్టుకున్న మేస్త్రి బానెట్ జోలికి పోలేదు, నేరుగా కారు కిందికి దూరాడు. యూ బోల్టులు విప్పి, కట్టని పట్టీ పట్టీగా విడదీశాడు. తుప్పు గీకి గ్రాఫైట్ గ్రీజు రాశాడు. నిప్పు తగలనివ్వకుండా, చల్లగా ఉండగానే సుత్తితో కొట్టి నా వంపు కాస్త తగ్గించాడు. ఒక దెబ్బ వేయడం, కొలవడం, పక్క కట్టతో సరిచూడటం. నా కళ్లలో కొత్త బుష్షులు దిగాయి. ముందుకి ఆ కారు బరువుకి తగ్గట్టు చేయించిన పొట్టి స్ప్రింగులు, నాలుగు మూలలా కొత్త షాక్ అబ్జార్బర్లు వేశాడు. "స్ప్రింగు గట్టిపడితే చాలదు సార్, చక్రం నేలని వదలకూడదు" అన్నాడు. నా జీవితంలో నేను విన్న మంచి మాట అదే.

అతను చేసింది ఇదీ. మలుపులో కారు బరువు బయటి చక్రాల మీదికి ఒరుగుతుంది, లోపలి చక్రాలు తేలికై జారతాయి. బాడీ కిందికి దిగితే ఆ ఒరుగుడు తగ్గుతుంది. ఇక గతుకు తగిలినప్పుడు ఆ దెబ్బని నేను దాచుకుని తిరిగి ఇచ్చేస్తాను. దాన్ని అణిచి తన నూనెలో వేడిగా మార్చేది షాక్ అబ్జార్బరు. నన్ను బిగించి దాన్ని పాతదిగానే ఉంచితే కారు ఎగిరెగిరి పడుతుంది. గాల్లో ఉన్న టైరు తిరగమన్నా తిరగదు, ఆగమన్నా ఆగదు. ఆ మేస్త్రి చేతి పని తరవాత, స్టీరింగు తిప్పీ తిప్పగానే కారు మాట వినేది. మలుపు బయటికి వచ్చేటప్పుడు వెనక చక్రాలు రెండూ నేలని పట్టుకునే ఉండేవి. ఆ పట్టు నాది.

1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చింది, షోళవరం సద్దుమణిగింది. కారు చేతులు మారింది.

కొత్త యజమానికి కారు కిందికి కనబడితే చాలు. ఒక షెడ్డులో గ్యాసు మంట తెప్పించి, బరువు నా మీద ఉండగానే నడుము ఎర్రబడేదాకా కాల్పించాడు. కారు కుంగింది, ఆయన మురిసిపోయాడు. నూనెలోనూ కొలిమిలోనూ నేను సంపాదించుకున్న బలం ఆ కాసేపట్లో పోయింది. ముందు స్ప్రింగుల్నీ ఒక్కో చుట్టు కోయించాడు. చుట్టు తగ్గితే స్ప్రింగు పొట్టిదే కాదు, గట్టిదీ అవుతుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. షాక్ అబ్జార్బర్లు మాత్రం నూనె కారుతున్నవే. ఎడమ కట్ట ఎక్కువ కుంగడంతో కారు ఒక పక్కకి లాగేది. బ్రేకు వేస్తే వెనకభాగం పక్కకి పోయేది. అదే కారులో వేరుశనగ బస్తాలు మోయించాడు. నా నడుములో పగులు వచ్చింది. తీగ చుట్టి మళ్లీ నడిపాడు.

చివరికి కారుని పాత ఇనుముకి అమ్మేశారు. మమ్మల్ని విప్పి ఇక్కడ పడేశారు. వానలు, ఎండలు, మళ్లీ వానలు. ఒకరోజు కమ్మరి ఆచారి వచ్చి పట్టీలు ఏరుకున్నాడు. కమాను ఉక్కుతో చేసిన కత్తికి పదును నిలుస్తుందని ఊళ్లన్నిటికీ తెలుసు. ఆయనా కాలుస్తాడు, కానీ కాల్చాక సాగగొట్టి, మళ్లీ నీళ్లు పోసి ప్రాణం పోస్తాడు. నా తోడబుట్టినవి కొడవళ్లై మామిడి తోపుల్లో కొమ్మలు కొడుతున్నాయి. నన్నూ ఎత్తి చూశాడు. పగులు మీద వేలు పెట్టి, కింద పెట్టేశాడు.

కమాను లారీలకే, మంచి కారుకి పనికిరాదు అని నా ముందే అంటుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. అమెరికా స్పోర్ట్స్ కారు కార్వెట్‌కి 1963 నుంచి 2019 దాకా వెనక చక్రాలకి అడ్డంగా ఉన్నది కమానే. 1981లో ఉక్కు బదులు ఫైబర్ కమాను వాడటం మొదలుపెట్టారు. అంత దూరం ఎందుకు, ఇక్కడి శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు వాళ్లు చేస్తున్న వీ-క్రాస్ పికప్పుల వెనక కూడా మావాళ్లే ఉన్నారు.

కారు మలుపులో నిలబడాలని కోరుకునే పిల్లలకి నేను చెప్పేది ఇంతే. ముందు బుష్షులు, షాక్ అబ్జార్బర్లు, టైర్లు చూపించుకోండి. కారు దింపాలంటే ఆ కారుకని చేసిన స్ప్రింగులూ, వాటికి సరిపడే షాక్ అబ్జార్బర్లూ నాలుగు చక్రాలకీ కలిపి మార్పించండి. వీల్ అలైన్‌మెంట్ చేయించాకే రోడ్డెక్కండి. స్ప్రింగు దగ్గరికి గ్యాసు మంట తెచ్చే షెడ్డు కనబడితే, కారు తిప్పుకుని వచ్చేయండి.