పదిహేను సెంటీమీటర్ల సంసారం

బ్రిటన్‌లో పిల్లలు ఎదిగి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళి, ఇంటి అప్పు తీరి, చేతిలో నాలుగు డబ్బులు మిగిలిన దంపతుల మధ్య ఒక కొత్త రకం తగువు పుడుతుంది. మోటర్‌హోమ్ కొనాలన్న దగ్గర ఇద్దరిదీ ఒకే మాట. ఎలాంటిది కొనాలన్న దగ్గర రెండు పార్టీలు. మొదటి పార్టీ ప్యానెల్ వ్యాన్ అంటుంది. అంటే సరుకులు మోసే పొడుగాటి ఇనుప వ్యానును తెచ్చి, దాని పొట్టలో మంచం, పొయ్యి, మరుగుదొడ్డి అమర్చిన బండి. రెండో పార్టీ చిన్న సైజు కోచ్‌బిల్ట్ అంటుంది. అంటే ముందు క్యాబిన్, వెనక ఉత్త ఛాసిస్ కొని, ఆ ఛాసిస్ మీద గది కట్టిన బండి. విజయవాడ ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టించిన వాళ్ళకు ఈ రెండోదాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. కాకపోతే దీని వెనక ‘హారన్ ప్లీజ్’ ఉండదు, లోపల వేడినీళ్ళ షవర్ ఉంటుంది. నేను రెండో పార్టీ మనిషిని. వ్యాను చెడ్డ బండి అనను. ఆరుబయటే హాలుగా పనికొచ్చే దేశంలో అది బ్రహ్మాండమైన ఇల్లు. బ్రిటన్ ఆ దేశం కాదు, అదీ నా వాదన.

వ్యాను పార్టీ వాదన ఎప్పుడూ స్టీరింగ్ దగ్గర మొదలవుతుంది: ‘‘మాది కారులా నడుస్తుంది, మీది ఇంటిని ఈడ్చుకెళ్ళినట్టుంటుంది.’’ విన్నవాళ్ళు ఇవి రెండూ వేరే జాతులనుకుంటారు. చాలాసార్లు రెండింటికీ తల్లి ఒక్కతే, ఫియట్ డుకాటో. అదే ఇంజను, అదే గేర్లు, డ్రైవరు వీపు ఆనే సీటు కూడా అదే. పొడవు రెండింటికీ 6 మీటర్లకు ఒక వెంట్రుక తక్కువ. బరువు పరిమితి రెండింటికీ సాధారణంగా 3,500 కిలోలే. 1997 జనవరి 1 నుంచి కారు పరీక్ష పాసైన వాళ్ళ లైసెన్సు డీజిల్ బండికి అక్కడిదాకానే చెల్లుతుంది మరి. సరుకు లేకుండా బండి బరువు 3.05 టన్నులు దాటనంత వరకు మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద రెండూ గంటకు 60 మైళ్ళ వేగంతో పోవచ్చు. ఫ్రాన్స్‌కు వెళ్తే ఎత్తు 2 మీటర్లకూ 3 మీటర్లకూ మధ్య ఉన్నందుకు రెండింటికీ రెండో తరగతి టోలే పడుతుంది. ‘ఎక్కడంటే అక్కడ పార్క్ చేసుకోవచ్చు’ అన్న గొప్ప ఒకటి ఉంది చూశారూ, ఊరి కార్ పార్కు ముందు రెండు మీటర్ల ఎత్తులో అడ్డంగా వేలాడే ఇనుప గొట్టం దగ్గర అది ఆగిపోతుంది. ఆ గొట్టం ఇటు వ్యానునీ అటు కోచ్‌బిల్ట్‌నీ సమానంగా వెనక్కి పంపిస్తుంది.

ఇక మిగిలింది వెడల్పు. డుకాటో వ్యాను వెడల్పు 2.05 మీటర్లు. క్నౌస్ కంపెనీ వాన్ టీఐ లాంటి సన్నటి కోచ్‌బిల్ట్ వెడల్పు 2.20. తేడా 15 సెంటీమీటర్లు, అంటే పక్కకు ఏడున్నర. ఈ ఏడున్నర సెంటీమీటర్ల కోసం వ్యాను పార్టీ డెవన్ సందుల్ని సాక్ష్యానికి పిలుస్తుంది. నిజమే, డెవన్‌లో రెండు పక్కలా మనిషెత్తు మట్టికట్టలు, వాటి మీద పొదలు, మధ్యలో ఒకే బండి పట్టే దారి. కానీ అక్కడ ఎదురుగా ట్రాక్టరు వచ్చిందంటే 2.05 మీటర్ల వాడూ పక్కకు తప్పుకోలేడు, 2.20 మీటర్ల వాడూ తప్పుకోలేడు. ఇద్దరూ వెనక్కి పోవలసిందే. వెనక్కి పోయేటప్పుడు ఏడిపించేది బండి పొడవు, అది ఇద్దరికీ ఒకటే. పైగా ఇది కొత్త సమస్యేమీ కాదు. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే మాజీ నౌకాదళ వైద్యుడు బ్రిస్టల్‌లో ‘వాండరర్’ అనే కారవాన్ కట్టించుకున్నాడు. మహాగని, మేపుల్ చెక్కలతో ముద్దుగా కట్టిన బండి, రెండు గుర్రాలు లాగేవి. ఇంగ్లండ్ నుంచి స్కాట్లండ్ దాకా వెళ్ళొచ్చాడు. సందుల సంగతి ఆయన ఎలా తేల్చాడంటే, పనివాడికి మూడు చక్రాల సైకిల్ ఇచ్చి ముందు పంపించాడు, ఎదురొచ్చే వాళ్ళను హెచ్చరించమని. ఇప్పుడు అలాంటి ఉద్యోగానికి మనిషి దొరకడు, అంతే తేడా. ఒక్కచోట మాత్రం నేను చేతులెత్తేస్తాను. లారీలు రాకుండా కొన్ని పేటల్లో రోడ్డుకు అడ్డంగా ఏడడుగుల సందు వదిలి స్తంభాలు పాతుతారు. ఏడడుగులంటే 2.13 మీటర్లు. వ్యాను దూరుతుంది, కోచ్‌బిల్ట్ దూరదు. అయితే మోటర్‌హోమ్ కొనేది ఆ పేటల్లో తిరగడానికా అన్నది వేరే ప్రశ్న.

ఇవే 15 సెంటీమీటర్లను బండి లోపల కొలవండి, లెక్క మారిపోతుంది. డుకాటో లోపలి వెడల్పు ఎక్కువలో ఎక్కువ 1.87 మీటర్లు. అదీ ఉత్త రేకు నుంచి రేకుకు. దాని మీద చలి ఆపే పొర, పలక వేశాక ఇంకా తగ్గుతుంది. గోడలు నిలువుగా ఉండవు, పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతాయి. సరుకు పెట్టెలు ఫిర్యాదు చెయ్యవు గనక ఎవరూ పట్టించుకోలేదు. కోచ్‌బిల్ట్ గోడ తిన్నగా లేస్తుంది గనక, బయట జానెడు కూడా లేని తేడా లోపల భుజాల ఎత్తుకు వచ్చేసరికి చాలా పెద్దదవుతుంది. వ్యానులో మంచం సాధారణంగా వెనక అడ్డంగా వేస్తారు. ఆరడుగుల మనిషికి తలో కాళ్ళో గోడకు తగులుతాయి. అందుకే కొన్ని కంపెనీలు ఆ చోట వ్యాను పక్కలకు బుడిపెలు అతికిస్తాయి. అంటే 2.05 మీటర్ల సన్నదనాన్ని పొగిడి అమ్మి, ఆనక దాన్ని లావు చేస్తాయన్నమాట. అడ్డ మంచంలో ఇంకో తిరకాసు, లోపలివైపు పడుకున్న మనిషి రాత్రి లేవాలంటే బయటివైపు మనిషిని దాటాలి. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన వాళ్ళు కూడా రాత్రి రెండింటికి మోకాలు డొక్కలో దిగితే పాత సంగతులన్నీ తవ్వుతారు.

వ్యాను వాళ్ళ జవాబు నాకు తెలుసు: ‘‘మేం లోపల కూర్చోవడానికి కొనలేదు, బయట తిరగడానికి కొన్నాం.’’ వాళ్ళకు అక్కర్లేకపోయినా, వాళ్ళ పక్షాన మన తెలుగునాట ఒక గట్టి సాక్ష్యం ఉంది. 1982లో ఎన్టీఆర్ ఒక పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్పించి, హరికృష్ణ స్టీరింగ్ పట్టగా రాష్ట్రమంతా తిరిగారు. ముఖ్యమంత్రి పదవి దాకా తీసుకెళ్ళిన మోటర్‌హోమ్ మరొకటి నేనైతే వినలేదు. కానీ ఆయన ఆ బండిని వాడిన తీరు చూడండి. ఉపన్యాసం పైకప్పు మీద, స్నానం రోడ్డు పక్కన. హాలు, వేదిక, పెరడు అన్నీ బయటే ఉంటే లోపల ఎంత చోటుంటే ఏం? అదే రథాన్ని లేక్ డిస్ట్రిక్ట్‌లో సీత్‌వెయిట్ అనే పల్లె దగ్గర ఆపామనుకోండి. ఇంగ్లండ్‌లో మనుషులు కాపురముండే చోట్లలో అన్నిటికన్నా ఎక్కువ వాన అక్కడే, ఏడాదికి 3 మీటర్ల పైచిలుకు. పైకప్పు మీద ప్రసంగం సంగతి తర్వాత, వ్యాను పక్క తలుపు తెరిచారంటే గోడలో సగం తెరుచుకున్నట్టే. ఎండలో అది వరండా. వానలో తడి గొడుగు, తడి కోటు, తడి కుక్క, వాటి వెనక వానా నేరుగా వంటగదిలోకి వస్తాయి. మూసేస్తే ఇంకో ఇబ్బంది. ఆ జారుడు తలుపు చప్పుడుకు క్యాంపు మొత్తం లేచి ఎవరు బాత్రూముకు వెళ్ళారో తెలుసుకుంటుంది. ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ళకైతే అదనంగా తాలింపు సమస్య. పరుపుకు రెండడుగుల దూరంలో ఎండుమిరపకాయ వేగితే, ఆ వ్యాను అమ్మేదాకా ఇంగువ వాసన వదలదు.

అవతలి పార్టీ చేతిలో నిజంగా బరువున్న అభ్యంతరం ఒకటుంది, కోచ్‌బిల్ట్ కారుతుందన్నది. ఒప్పుకోవాలి. వ్యాను శరీరం ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసిన ఒకే ఇనుప పెట్టె. కోచ్‌బిల్ట్ మాత్రం పలకల్ని అతికించి కట్టిన గది, అతుకు ఉన్నచోట ఎప్పటికైనా నీరు చేరుతుంది. ఏడాదికోసారి తేమ పరీక్ష చేయించకపోతే వారంటీయే పోతుంది. పాత బండ్లలో లోపలి చెక్క చట్రం ఎవరికీ తెలియకుండా కుళ్ళి, తెలిసేసరికి గోడ మెత్తబడేది. అందుకే ఇప్పుడు చాలా కంపెనీలు చట్రంలో చెక్క వాడటం మానేశాయి. కానీ వ్యాను వాళ్ళకు నీటి బాధ లేదనుకోకండి. వాళ్ళకు వాన పైనుంచి కాదు, లోపలినుంచి వస్తుంది. రాత్రంతా ఇద్దరు మనుషులు వదిలిన ఊపిరి చల్లటి ఇనుప పక్కటెముకల మీద చెమట పట్టి, తెల్లారేసరికి దిండు మీద చుక్కలు చుక్కలుగా రాలుతుంది. కోచ్‌బిల్ట్ గోడలో రెండు పలకల మధ్య నురుగు పొర సమంగా ఉంటుంది గనక ఆ బాధ తక్కువ. కిటికీలకోసం కోసిన ఇనుప అంచులు తుప్పు పట్టే సంగతి నేను ఎత్తను, తగువు పెంచడం ఎందుకు.

చివరికి వాళ్ళు తీసే అస్త్రం గుట్టు. ‘‘మా బండి ఎక్కడ ఆపినా మామూలు వ్యానులా ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు.’’ ముచ్చటైన మాటే. కానీ సొంతంగా మార్చుకున్న వ్యానును ‘మోటర్ కారవాన్’ అని కాగితాల్లో రాయించుకోవాలంటే, బ్రిటన్ రవాణా శాఖ కింద పనిచేసే డీవీఎల్ఏ అది బయటికి మోటర్‌హోమ్‌లా కనబడాలంటుంది. పక్కన కిటికీలు, గదిలోకి వేరే తలుపు, గుడారం తగిలించే పట్టీ అడుగుతుంది. అంతేకాదు, రెండు పక్కలా మోటర్‌హోమ్ తరహా బొమ్మలూ చారలూ కూడా. గుట్టుగా ఉండాలని కొన్నవాడు రిజిస్ట్రేషన్ కోసం అలల బొమ్మ అంటించుకుని తిరగాలి. కంపెనీ తయారు చేసి ఇచ్చే వ్యాన్లకు ఈ బాధ లేదు, వాటికి ఆ చారలు ముందే ఉంటాయి.

ఒంటరిగా తిరిగేవాళ్ళు, వేసవి అంతా స్పెయిన్‌లో గడిపేవాళ్ళు, ఇంట్లో రెండో బండికి చోటు లేక ఇదే బండిలో కూరగాయలకూ వెళ్ళేవాళ్ళు వ్యానే కొనుక్కోవాలి. వాళ్ళ విషయంలో నా వాదన ఏమీ చెల్లదు. మిగిలిన దంపతులు మాత్రం ఎండ కాసే ఆదివారం షోరూముకు వెళ్ళొద్దు. ఎండలో తలుపు బార్లా తీసి చూపిస్తే ఏ వ్యానైనా మహలే. నవంబరులో జోరువాన పడే రోజు చూసుకుని, కోట్లు తడుపుకుని మరీ వెళ్ళండి. ముందు వ్యాను, తర్వాత కోచ్‌బిల్ట్. రెండింటిలోనూ ఎక్కి తలుపు మూసుకోండి. ఒకరు టీ పెట్టండి, అదే సమయంలో రెండోవారు కోటు విప్పి, ఆరేసి, మరుగుదొడ్డిలోకి వెళ్ళి రండి. అలా ఒక అరగంట. సేల్స్‌మన్‌ని మాత్రం బయటే ఉండమనండి, ముగ్గురైతే వ్యానుకు మరీ అన్యాయం జరుగుతుంది.