పసుపు వస్త్రముపై ఎఱ్ఱ గులాబి

రాజవంశములు నశించును, సామ్రాజ్యములు అస్తమించును, కాని పుస్తకములో ముందుగా పేరు వ్రాయించుకొన్నవాని హక్కు ఆచంద్రతారార్కము నిలుచునని ఇంగ్లండులోని లాంకషైరు కౌంటీవారికి 2008లో తెలియవచ్చినది. తమ కులచిహ్నమైన ఎఱ్ఱ గులాబిని తెల్లని వస్త్రముపై నిలిపి పతాకముగా నమోదు చేయింపవలెనని వారు ఫ్లాగ్ ఇన్‌స్టిట్యూట్ వాకిట నిలువగా, ఆ రూపమును స్కాట్లండులోని మాంట్రోజ్ పట్టణమువారు ఇదివరకే నమోదు చేయించుకొనియుండుటచే రెండవవారికి చెల్లదని తేలినది. 1455 మొదలు ముప్పదియేండ్లు ఒక రాజవంశపు చిహ్నమై యార్కు వంశముతో పోరాడినదని ప్రసిద్ధి కెక్కిన పుష్పము (ఆ యుద్ధకాలమున అది అంతగా కనబడనే లేదనియు, 1485లో గెలిచిన ఏడవ హెన్రీయే దానికి ప్రచారము కల్పించెననియు చరిత్రకారులందురు, అది వేఱు మాట) ఒక చిన్న రేవుపట్టణము ఎదుట కత్తి దూయకయే వెనుదిరిగి, తెలుపునకు మాఱు పసుపు దాల్చి, నవంబరు 27న, లాంకషైరు దినోత్సవమునాడు, పతాకపదవి నందుకొన్నది. పతాకశాస్త్రమున గల సౌలభ్య మిదియే: రంగు ముందు కుదిరినచో అర్థము తరువాత కుదురును.

అదే యేట నీలివస్త్రముపై తెల్ల గులాబిని నమోదు చేయించుకొన్న పొరుగు యార్కుషైరువారికి రంగుల చిక్కు లేదు గాని, పువ్వు తలపై రేకు నిలువవలెనా రక్షకపత్రము నిలువవలెనా యనుచోట తూర్పు రైడింగువారికిని తక్కినవారికిని మన వడగల తెంగల తగవు వంటిది కలదు.

నా సందేహము వేఱు. లాంకషైరు పతాకమున నూలుపోగు ఏది? లాంకషైరను పేరు మన తాతలు విన్నది గులాబివలన గాదు, మిల్లుగుడ్డవలన. మచిలీపట్నపు అద్దకములు ఒకప్పుడు ఓడలెక్కి ఐరోపాకు పోగా, పిమ్మట అక్కడి మరగుడ్డ ఎదురు ప్రయాణము చేసి మన మగ్గములపై కూర్చున్నది. లాలా హంసరాజు తలపెట్టిన రాట్నమును గాంధీ చేర్పుమనగా, 1921లో బెజవాడయందు పింగళి వెంకయ్య వ్రాసియిచ్చిన పతాకము ఆ మిల్లులకే ప్రత్యుత్తరము. స్వదేశపతాకమున చోటు దొరకని లాంకషైరు నేతకు పరదేశపతాకమున, ప్రతివాదిగానైనను, స్థానము లభించినదన్నమాట!

ఆ ప్రత్యుత్తరముతో సాగిన విదేశవస్త్ర బహిష్కారపు తాకిడికిని, లోకమంతట కమ్మిన వ్యాపారమాంద్యమునకును పని కోల్పోయిన లాంకషైరులోని డార్వెన్ మిల్లుకార్మికులు, 1931లో తమ యూరికి వచ్చిన గాంధీని నిందింపక, హర్షధ్వానములతో ఎదుర్కొనిరి. అట్టి ఔదార్యముగల శ్రామికుల కౌంటీకి ఒక్క పోగైనను నేయని రాజవంశపు పువ్వే చాలునట! లాంకషైరు పెద్దలకు నా విన్నప మొక్కటియే: గులాబిని తీయనక్కరలేదు, దాని క్రింద ఒక నాడెను చిత్రింపుడు.