సున్నా ఎక్కడ సారూ?

గుజరాత్‌లోని బార్డోలీ తాలూకాలో శిస్తు 30 శాతం పెంచవచ్చని సెటిల్‌మెంట్ అధికారి లెక్క తేల్చాడు.
బొంబాయి సర్కారు జాలిపడింది. 22 చాలంది!
1928లో రైతులు కట్టేది లేదన్నారు. సర్కారు గేదెల్ని జప్తు చేసింది.
ఆ రైతుల్ని నడిపిన వల్లభ్‌భాయ్ పటేల్ 'సర్దార్' అయ్యాక, బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అనే ఇద్దరు అధికారులు విచారణకు దిగి అదే లెక్క మళ్లీ వేశారు.
వచ్చింది ఆరు శాతం చిల్లర.

పాపం, ఆ అధికారి తొందరపడి ముందే పుట్టాడు. ఆయన చేతిలో ఉన్నవి అంకెలే. రంగుల గ్రాఫు లేదు.

ఇప్పుడైతేనా?
శిస్తు గ్రాఫుకు నిలువు గీత వెయ్యి దాకా లాగేవాడు. 22 శాతం చీమ తలకాయంత.
రైతు రాబడి గ్రాఫును 99 దగ్గర మొదలుపెట్టేవాడు. నూరు నూటొకటైతే తాటిచెట్టంత ఎదుగుదల!
అబద్ధం ఒక్కటీ లేదు. అంకెలన్నీ నిజాలే. అబద్ధమాడింది స్కేలు.
పక్కనే పచ్చరంగు బాణం, పైకి. (బాణం ఖర్చు కూడా శిస్తులోంచే.)

టీవీలో ఏ ప్రగతి గ్రాఫు కనబడినా ముందు అడుగున సున్నా ఉందో లేదో చూడండి.
లేకపోతే గేదెను లోపల కట్టేసుకోండి.