ఒక జలుబు పద్యానికి టీకా తాత్పర్యం

ముక్కు మూసుకొనియె ముందుగా శనినాడు
పోపు మాడె నాకు పొగయె తెలియ
దాయె దండెమెక్కె తడిబట్ట లాదివా
రమున చూచినాడ రంగరావు

ప్రతిపదార్థము: శనినాడు = శనివారమున (శని పట్టిన నాడు అని కొందరు); ముందుగా = కూరగాయల సంచి చేతికి తీసుకొనక మునుపే; ముక్కు = నాసిక; మూసుకొనియె = తనంతట తాను బందైనది; పోపు = మిరియాల చారుకై వేసిన ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు; మాడె = నల్లబడెను; నాకు = పొయ్యి ఎదుటనే నిలుచున్న నాకు; పొగయె = పొగ సైతము; తెలియదాయె = తెలియలేదు; తడిబట్టలు = రెండు బకెట్లు; దండెము = బాల్కనీలోని నైలాన్ తాడు; ఎక్కె = (దీనిపై పెద్ద తగాదా ఉన్నది, కింద చూడుడు); ఆదివారమున = సెలవునాడు; రంగరావు = మాయాబజారు చిత్రమును; చూచినాడ = పడుకొని చూచితిని.

‘పడుకొని’ అన్నది మూలంలో లేదు. మూలంలో లేనిది రాయనని మల్లినాథ సూరి ప్రతిజ్ఞ. నిజమే కానీ, ఆయన వ్యాఖ్యానించిన కాళిదాసుకు సోఫా లేదు.

తాత్పర్యము: జలుబు చేసింది. పనులు పాడయ్యాయి. సినిమా మాత్రం పాడవలేదు.

విశేషాలు: పోపు మాడడం అజాగ్రత్త కాదు. రుచి అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే; ముక్కు పోతే నాలుకకు ఉప్పూ పులుపూ కారమూ లాంటివి నాలుగైదు మిగులుతాయి, ఇంగువ మిగలదు. కవి గరిటె పట్టుకుని ఆవాలు చిటపటలాడడం కోసం చెవి ఒగ్గాడు. జలుబు చెవుల్నీ దిబ్బడేసింది. ఆవాలు ఎప్పుడో చిటపటలాడి ఊరుకున్నాయి. కరివేపాకు బొగ్గు రంగుకు వచ్చాక వెనక గదిలోంచి ‘ఏమండీ, స్టవ్ మీద ఏం పెట్టారు?’ అని వినిపించింది. ఆ చారే కవి రెండు గ్లాసులు తాగి, బ్రహ్మాండంగా ఉందన్నాడు. మూకుడు తోమే సమయానికి మాఘ కావ్యానికి మల్లినాథుడు రాసిన ‘సర్వంకష’ గుర్తొచ్చింది. అన్నిటినీ రాచేది అని అర్థం. స్టీలు పీచుకు అంతకన్న మంచి పేరు లేదు.

ఇక ‘దండెమెక్కె’. బట్టలు ఎక్కాయట! ఎవరు ఎక్కించారు? కర్తను దాచడం కవి గడుసుదనం. తలకు తువ్వాలు చుట్టుకుని, 650 మాత్ర వేసుకుని, తానే ఆరేశానని ధ్వని. గృహిణి ఇక్కడ పూర్వపక్షం చేసింది: ‘మూడు గంటల సినిమాకి అడ్డం రాని జలుబు, మూడు దుప్పట్లు ఆరెయ్యడానికి ఎక్కడ్నించి వచ్చిందండీ?’ దీనికి కవి సమాధానం: సినిమాకు వంగనక్కర్లేదు, బకెట్‌కు వంగాలి, వంగితే నుదుటి మీద రోలు పెట్టినట్టుంటుంది. వైద్యశాస్త్రం కవి పక్షమే. సాక్ష్యం మాత్రం కాదు. దండెం మీద చొక్కాలన్నీ తిరగేసి, కాలర్లు లాగి, క్లిప్పులు వరసగా ఉన్నాయి. కవి ఆరేసిన బట్టలను ఎరిగిన వారెవరూ ఆ వరసను ఆయనకు అంటగట్టరు.

‘రంగరావు’ లక్షణ, ఘటోత్కచుడి వేషం కట్టిన నటుణ్ణి చెప్పి 1957 నాటి చిత్రమంతటినీ చెప్పడం. రుచి తెలియని నోటితో పెళ్లివంటలన్నీ ఒక్కడే ఊదేసే దృశ్యం చూడడంలో విప్రలంభం ఉంది. అయితే ‘రంగరావును’ అనవలసిన చోట ‘ను’ లోపించింది. దగ్గులో పోయిందని కవి వివరణ.

గృహిణి వేరే పాఠం చూపింది. సావిత్రి మాయాశశిరేఖగా పీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కేసరికే సోఫాలోంచి గురక వినిపించిందట. కాబట్టి ‘చూచినాడ’ కాదు, ‘చూచినాడు’ అని చదవాలి. అప్పుడు విభక్తి లోపం లేదు, గణం చెడదు, యతి కదలదు. అన్వయం: రంగరావే, తెర మీంచి, నోరు తెరిచి నిద్రపోతున్న కవిని చూచెను.

ఈ పాఠమే గ్రాహ్యం. కవి అభ్యంతరం చెప్పబోయాడు కానీ గొంతు పెగల్లేదు.