కోడికి చెప్పారా?

మార్చి రెండో ఆదివారం అమెరికా గడియారాన్ని గంట ముందుకు నెడుతుంది. నవంబరు మొదటి ఆదివారం వెనక్కి లాగుతుంది. దెబ్బ మాత్రం ఇక్కడ తడ ఊళ్లో ఫోన్ పట్టుకుని కూర్చున్న అమ్మానాన్నలకి. డాలస్‌తో పదిన్నర గంటల తేడా పదకొండున్నర అవుతుంది. ఆదివారం పొద్దున ఏడున్నరకి రావాల్సిన అబ్బాయి ఎనిమిదిన్నరకి తెర మీదికొస్తాడు.

పెరట్లో నాటుకోడికి ఆ గొడవ లేదు. వెలుగొచ్చిందా, గంప ఎత్తాలి.

డాలస్ పెరట్లో కోళ్లు పెంచేవారి తంటా వేరు. అక్కడ గూట్లో దీపం టైమరు మీద నడుస్తుంది. కోడి బాగా గుడ్లు పెట్టాలంటే రోజుకి 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి మరి. టైమరు తిప్పితే కోడి లెక్క తప్పుతుంది, తిప్పకపోతే యజమాని నిద్ర చెడుతుంది.

గడియారం తిప్పే ఈ జబ్బు మనకీ ఒకసారి తగిలింది. యుద్ధం పేరు చెప్పి 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా తెల్లదొరలు దేశం గడియారాన్ని గంట ముందు నడిపారు. తడలో ఏడాది మొత్తం మీద పగటి నిడివి మారేదే గంటన్నర!

అసలు మన టైము కాకినాడ వైపు వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశానిది. ఆ లెక్కన తడ సూర్యుడు పది నిమిషాలు లేటు. ఆఫీసుల్లో కొందరు దీనికి ఇంకో గంట కలుపుకుంటారనుకోండి.

2022లో తడ నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకి మారింది. ఆ జీవో కూడా కోళ్లకి ఇంకా అందినట్టు లేదు.