నా తొలి రెండు పత్రములు

నేను నీతిచంద్రికకు ఒక పాత ప్రతిని. పరవస్తు చిన్నయసూరి మిత్రలాభ మిత్రభేదములను తెలుగు వచనమున సంతరించి 1853లో వెలువరించిన ఆ గ్రంథమునకు అటుపిమ్మట పెక్కు ముద్రణములు కాగా, అందొకదానియందు నేను జన్మించితిని. నా తొలి రెండు పత్రములు మాత్రము అచ్చులో లేవు. ఒక బాలిక చేతివ్రాతలో ఉన్నవి. అది ఎట్లు సంభవించెనో చెప్పుటయే నా కథ.

నన్ను మొదట కొన్నవాడు ఒక విద్యార్థి. అతని తరగతిలో నేను కథను కాను. విగ్రహవాక్యములను, ప్రతిపదార్థములను వల్లించుటకైన సాధనమును మాత్రమే. గోదావరీతీరమున వేటకాడు నూకలు చల్లి వల పన్నినప్పుడు పావురముల కేమి కానున్నదో యని ఒక్క బాలుడైనను ఊపిరి బిగబట్టలేదు. తప్పు చెప్పినచో బెత్తము పడునని అందరును బిగబట్టిరి. పరీక్ష ముగియగానే నన్ను తూకమునకు అమ్మివేసిరి. కిరాణాకొట్టులో నా తొలి రెండు పత్రములు చింతపండు పొట్లములైనవి. చదువు నొల్లని కుమారులను గూర్చి సుదర్శనమహారాజు చింతించుటయు, వారిని ఆరు నెలలలో నీతివేత్తలను గావింతునని విష్ణుశర్మ పూనుకొనుటయు ఆ పత్రములందే యుండెను. విద్యను కథగా ఏల చెప్పవలసివచ్చెనో తెలుపు భాగమే నన్ను విడిచిపోయెను.

మిరపకాయలు కొనవచ్చిన ఒక వృద్ధుడు మిగిలిన నన్ను ఇంటికి తీసికొనిపోయెను. ఆ సాయంకాలమే అరుగుమీద వీధిపిల్లలు గుమిగూడిరి. ఆయన నన్ను ఒడిలో నుంచుకొని కథ చెప్పుచు, పావురములు వలలో చిక్కినచోట ఆగి, "ఇప్పుడేం చెయ్యాలర్రా?" అని అడిగెను. పిల్లలందరును తమ తమ ఉపాయములు చెప్పిన పిదపనే, వలతోకూడ ఒక్కపెట్టున ఎగురుడన్న పావురముల రాజు చిత్రగ్రీవుని ఉపాయమును బయటపెట్టెను. అరుగంతయు కేకలతో నిండెను.

అట్లు వలతో ఎగిరి తనకడకు వచ్చిన మిత్రుని కట్లను మూషికరాజు హిరణ్యకుడు కొరుకబోగా, చిత్రగ్రీవుడు తనవారి కట్లను ముందు తెంపుమని కోరెను గదా! అప్పుడు ఒక బాలిక, "తాతయ్యా, రాజు కదా, తనవే ముందు తెంపించుకోవచ్చుగా?" అనెను.

"నువ్వే ఆలోచించి రేపు చెప్పమ్మా."

మరునాడు ఆమె అందరికంటె ముందు వచ్చెను. "దిగొద్దని రాజు ముందే చెప్పాడు, వాళ్ళు వినలేదు. కోపముంటే తన కట్లే ముందు తెంపించుకునేవాడు. కోపం లేదు తాతయ్యా, అందుకే."

ఈ మాట ఇట్లు నాయందెచ్చటను అచ్చుపడి యుండలేదు. నీతిని బిడ్డ చెవిలో పోయుట వేరు; బిడ్డ హృదయమునుండి నీతి తానై పుట్టుట వేరు. ఈ రెండవదానికొరకే మంచి కథలు పుట్టినవని నాకు ఆనాడు తెలిసెను. పిదప ఆమె నన్ను తానే చదువబూనెను. ఏ సమాసములకై పూర్వము బాలురు కన్నీరు కార్చిరో, వానినే వ్రేలితో కూడబలుకుకొని అర్థమడిగి తెలిసికొనెను. కథపై మక్కువ ముందు నడువగా భాష దానివెంట నడచివచ్చెను. కావున పెద్దలారా, బిడ్డలకు ముందు కథ నిండు. అర్థమును వారే అడిగెదరు.

పోయిన భాగమును వృద్ధుడు జ్ఞాపకమునుండి చెప్పగా, ఆమె నోటుపుస్తకపు కాగితములపై తన మాటలలో వ్రాసి, సూదిదారములతో నాకు కుట్టెను. విష్ణుశర్మ ప్రతిజ్ఞ నేడు నాయందు నీలిసిరాతో నున్నది. అందలి అక్షరదోషములను ఆ వృద్ధుడు దిద్దలేదు.