610 గుర్రాలూ ఒక్క గడ్డా

తూర్పు ఇంకా తెల్లవారలేదు. కోకాపేట అద్దాల మేడలు మబ్బుల దుప్పట్లో తలలు దూర్చి గుర్రుపెడుతున్న వేళ, ఔటర్ రింగు రోడ్డు పక్కన ఒకానొక పెట్రోలు బంకు ప్రాంగణంలో, ధరణి దద్దరిల్లగా, దిక్కులు పిక్కటిల్లగా, సర్వీసు రోడ్డు శునకసంతతి సకుటుంబంగా మేలుకొని సంకీర్తన అందుకోగా, రథం వెంట రథం వచ్చి వాలింది. లెక్కపెట్టాను. పద్దెనిమిది. భారతానికి పర్వాలెన్నో, కురుక్షేత్రంలో అక్షౌహిణులెన్నో, ఆ ఆదివారం నాగార్జునసాగర్ దాకా ర్యాలీగా బయలుదేరిన స్పోర్ట్స్ కార్లూ అన్నే!

ఏమా సేన! పసుపుపచ్చ డాలు మీద ముందుకాళ్లెత్తిన నల్లగుర్రం ముద్ర దాల్చి, మోదుగువనమంతా కరిగి ఒకే పువ్వయిందా అన్నట్టు ఎర్రగా మండుతున్న ఫెరారీ ఒకటి. గుండెను వీపున కట్టుకున్న యోగుల్లా, ఇంజన్లను వెనక మోస్తూ, గుండ్రటి కళ్లతో లోకాన్ని నిర్లిప్తంగా చూసే పోర్షే 911లు ఐదు. అమెరికా బీళ్లలో మేసిన అడవిగుర్రం పేరు మోసే మస్టాంగులు మూడు. వాటి సందుసందున టీ గ్లాసు ఒక చేత, ఫోను ఒక చేత ధరించి సంచరించే పదాతిదళం. రథాలున్నాయి, గుర్రాలున్నాయి, కాల్బలముంది, చతురంగబలాల్లో ఏనుగొక్కటే లోటు కదా అనుకుంటుండగా, దారిలో కూలబడ్డ వీరులను మోసుకు రావడానికి పొడవాటి వీపు ఫ్లాట్‌బెడ్ లారీ ఊగుతూ వచ్చి వెనక నిలబడింది. ఆ లోటూ తీరింది.

వీటన్నిటి నడుమ, చిలకలు సిగ్గుపడే పచ్చదనంతో, వరినారు అసూయపడే నిగనిగతో మా బావ లాంబోర్గిని హురకాన్. 1879లో స్పెయిన్ దేశపు అలికాంతే బరిలో వెన్ను చూపకుండా పోరాడిన వృషభరాజు పేరు దానిది. పది సిలిండర్లు, 5.2 లీటర్ల ఇంజను, 610 గుర్రాల బలం. నిలుచున్న చోటు నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దానికి పట్టేది 3.2 సెకన్లు. అంటే, మనిషి ఆవులింతకు నోరు తెరిచి మూసేలోపు. వెల మూడు కోట్ల పైచిలుకు. మా అక్క మాత్రం దాన్ని ‘ఆ పచ్చది’ అంటుంది.

ఆ రథారోహణం కూడా సామాన్యం కాదు. తక్కిన కార్లు ఎక్కుతాం, ఇందులోకి దిగుతాం. కుడిమోకాలు గడ్డానికి ఆనించి, తల భుజాల్లోకి కుక్కి, పొట్టను నిన్నటి పెళ్లిభోజనంతో సహా ఊపిరిబిగువున వెన్నుకు అతికించి, మిగిలిన శరీరాన్ని దైవాధీనం చేసి నేను సీట్లో పడ్డాను. పడ్డాక చూస్తే నా కళ్లెదుట ముందు బండి నంబరు ప్లేటు, పక్కన ర్యాలీ మార్షల్‌గారి మోకాలిచిప్ప. మహాభోగం అంటే లోకాన్ని మోకాలి ఎత్తు నుంచి చూడటమని ఆనాడే తెలిసింది.

నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. ఆహా, ఆ దృశ్యం! వెనక టైరు వెడల్పు 305 మిల్లీమీటర్లు. దాని కింద గుప్పెట్లో ఇమిడే నిమ్మపండు, మదపుటేనుగు పాదం ముందు కూర్చున్న ఎలకపిల్లలా. బావ స్టార్టు మీట మీదున్న ఎర్రటి రేకుమూతను బొటనవేలితో మెల్లగా పైకెత్తాడు. ఈశ్వరుడు మూడోకన్ను తెరిచేటప్పుడు కూడా అంత ఠీవి ఉండి ఉండదు. మీట నొక్కాడు. వెనకాల ఒక్కసారిగా నూరు సింహాలు గొంతు సవరించుకున్నాయి. నిమ్మకాయ ‘పుచ్’ అంది. అయిపోయింది. దిష్టి దిగంతాలకు పారిపోయింది.

అంతలో మార్షల్‌గారు చేతిలో వాకీటాకీని గదలా తిప్పుతూ యుద్ధధర్మాలు వినిపించారు. ముందు బండిని దాటరాదు. దూరం తగ్గించరాదు. హెడ్‌లైట్లు ఆర్పరాదు. ఇది రేసు కాదు, కాదు, కాదు. ఊళ్లలో రేజ్ చేయడం మహాపాతకం, చేసినవాడికి వచ్చే ర్యాలీలో చోటు లేదు. పద్దెనిమిదిమంది మహారథులూ బడిపిల్లల్లా తలలూపారు. జెండా లేచింది, ఊగింది, వాలింది. కదిలింది వాహిని!

ఔటర్ రింగు రోడ్డు! మహానగరం నడుముకు చుట్టిన 158 కిలోమీటర్ల వడ్డాణం. ఎనిమిది వరసల ఆ రాజమార్గం మీద అనుమతి గంటకు 120. మా రథం సత్తా 325. దొరకని తక్కిన 205 కిలోమీటర్లనూ బావ కుడిపాదం కింద, పామును బుట్టలో అదిమినట్టు అదిమిపెట్టి నడిపాడు. శౌర్యమంటే కత్తి దూయడమని కవులు చెప్పారు. కాదు, దూయగల కత్తిని ఒరలో ఉంచి శంషాబాద్ దాటడమే శౌర్యం! ఆ నిగ్రహతపస్సు నడుమ, నెత్తిన నాలుగు సూట్‌కేసులు, కిటికీలో ఒక అమ్మమ్మ, వెనక అద్దంలో నవ్వే ముగ్గురు పిల్లలతో ఒక ఇన్నోవా మమ్మల్ని దాటుకుని పోయింది. అమ్మమ్మ మావైపు జాలిగా చూసింది. బావ దవడ బిగుసుకుంది, పాదం బిగుసుకోలేదు. భీష్ముడి పక్కన కూర్చున్నట్టనిపించింది నాకు.

బొంగ్లూరు దగ్గర దిగి, ఇబ్రహీంపట్నం దాటి, మాల్ దాటి, టిఫిన్ల కోసం ఒక మామిడితోట వైపు పక్కదారి పట్టాం. అక్కడ, ఊరి మొదట, వేపచెట్టు నీడన, రోడ్డుకు అడ్డంగా పడుకుని ఉంది అది.

స్పీడ్ బ్రేకర్!

శాస్త్రం ప్రకారం దాని కొలతలు వేరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో రాసిపెట్టింది: వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, ఒంపు సుతారంగా ఉండాలని. అది పట్నం శాస్త్రం. ఇది ఊరి సృష్టి. ఏ లారీవాడి దూకుడుకో కడుపు మండిన గ్రామం, మిగిలిన కంకరా తారూ కలిపి ఒక్క రాత్రిలో లేపిన వింధ్యాచలం. తెల్లచారల తిలకం లేదు, హెచ్చరిక బోర్డు లేదు. వెడల్పు రెండడుగులు, ఎత్తు జానెడుకు రెండు వేళ్లు తక్కువ. అగస్త్యుడు వచ్చినా వంగేట్టు లేదు. మా వృషభరాజు పొట్టకూ భూమాతకూ మధ్య ఎడం ఐదంగుళాలు. మీట నొక్కితే మూతి మరో అంగుళంన్నర పైకి లేస్తుంది. ఆ పైన దేవుడే దిక్కు.

సేన ఆగింది. పద్దెనిమిది ఇంజన్లు గుర్రుమంటూ నిలబడ్డాయి. ముందున్న మస్టాంగు పొడవుకాళ్ల జాతి కనుక తలెత్తుకుని దాటింది. దాని వెనక పోర్షే వినయంగా ఎక్కి, దిగబోతూ, ‘గీ...ర్ర్ర్’మంది. ఆ ధ్వని పలక మీద గోరు గీచినట్టు, పద్దెనిమిది మంది పళ్లనూ ఒకేసారి జివ్వుమనిపించింది. కార్బన్ ఫైబరు పెదవి చిట్లిన ఆ క్షణాన వెనకున్న మహారథులందరూ స్టీరింగుల మీద నుదుళ్లు ఆనించారు.

ఇక మా వంతు.

వేపచెట్టు కింద నుంచి అప్పుడు లేచాడొక పన్నెండేళ్ల సారథి. నిక్కరు, బొత్తాలు లేని చొక్కా, మెడలో తువ్వాలు, చేతిలో సగం కొరికిన జామకాయ. జామకాయను జేబులో వేసి, తువ్వాలును నడుముకు బిగించి, రోడ్డు నడిమధ్యకొచ్చి రెండు చేతులూ చాచాడు.

“అన్నా, సీద వోకు. క్రాస్ పెట్టు, క్రాస్!”

ఒక్క చక్రం తర్వాత ఒక్క చక్రం గడ్డ ఎక్కేలా బండిని ఏటవాలుగా పెట్టమని ఆ ఉపదేశం. మొత్తం గీతలోని యోగాలన్నీ ఆ రెండు మాటల్లో ఉన్నాయి. వాడు నేల మీద బోర్లా పడుకున్నాడు. చెంప తారుకు ఆనించి, ఒక కన్ను మూసి, రెండో కంటితో మా రథం అడుగుభాగాన్ని గురిచూశాడు. కుడిచేతి వేళ్లు నాలుగూ వీణ మీటినట్టు కదిలాయి.

“రానీ... రానీ... రానీ... జర ఎడమ... రానీ... ఆగు! ఆగన్నా, ఆగు!”

గంటకు 325 కిలోమీటర్లు పోగల రథం గంటకు ఒక కిలోమీటరు లెక్కన, చీమలు పక్క నుంచి ఓవర్‌టేకు చేయగా, మొదటి చక్రాన్ని గడ్డ మీద మోపింది. బావ నుదుటి చెమట కనుబొమ దాకా జారి, అక్కడ ఆగి, తానూ ఆజ్ఞ కోసం ఎదురుచూసింది. నేను పెళ్లిభోజనాన్ని తలుచుకుని పశ్చాత్తాపపడుతూ శ్వాస లోపలికి పీల్చాను, నా బరువు కొంతైనా తగ్గుతుందేమోనని. పక్కనే గట్టు మీద కర్రకు గడ్డం ఆనించి చూస్తున్న ఒక పెద్దాయన, నా అద్దం దాకా వంగాడు.

“ఎంతయితది బిడ్డా, గీ బండి?”

“మూడు కోట్లు దాటింది, పెద్దయ్యా.”

ఆయన బండిని చూశాడు. గడ్డను చూశాడు. మళ్లీ బండిని చూశాడు.

“గంత వెట్టి గీ గడ్డ ఎక్కదా?”

ఇంద్రుడి వజ్రాయుధం కూడా పర్వతాల రెక్కలు అంత శుభ్రంగా నరకలేదు.

సరిగ్గా అప్పుడు, ఎదుటి నుంచి, ఎర్రదుమ్ము ఛత్రంగా, పేడఎరువు పరిమళం చామరంగా, ఒక ట్రాక్టరు వచ్చింది. ట్రాలీ నిండా పెంట, పెంట మీద ముగ్గురు మనుషులు, స్టీరింగు మీద కాలు మడిచి కూర్చున్న పెద్దమనిషి. బ్రేకు మీద పాదం పడలేదు, గేరు మారలేదు. దుబుక్కున ఎక్కింది, దబుక్కున దిగింది, దడదడమంటూ పోయింది. గడ్డ కాస్త తల వంచిందేమోనని కూడా నాకనిపించింది.

నవ్వకండి. అది పరాభవం కాదు, పితృదర్శనం! ఫెరూచియో లాంబోర్గిని 1948లో మొదలుపెట్టింది ట్రాక్టర్ల వ్యాపారమే. కార్ల జోలికి వచ్చింది 1963లో. తాను కొన్న ఫెరారీ క్లచ్చి బాగాలేదని ఎంజో ఫెరారీకి చెప్పబోతే, ట్రాక్టర్లు నడుపుకునేవాడికి కార్ల సంగతేం తెలుసని ఆయన ఈసడించాడనీ, ఆ మాటలోంచే ఈ వృషభవంశం పుట్టిందనీ కథగా చెప్పుకుంటారు. అలా మాల్ దాటిన పక్కదారిలో, గడ్డ మీద ఒంటికాలితో నిలిచి తపిస్తున్న మనవడి ముందు నుంచి తాతగారు పెంటబండితో నడిచి వెళ్లారు.

“రానీ... రానీ... చాల్! అయిపాయె!”

నాలుగో చక్రం దిగింది. గీర్రుమనలేదు. సారథి లేచి, చెంపకంటిన తారుమట్టి తుడుచుకుని, జామకాయ తీసి కొరికాడు. అర్జునుడి విజయానికి దేవదుందుభులు మోగాయట, మా విజయానికి ఆ జామకాయ ‘కర్రు’మన్న చప్పుడు చాలింది. ఆ తర్వాత వాడు ఒక్కొక్కరుగా తక్కిన పదిహేను రథాలనూ, ఒక్క గీత పడకుండా, అదే చూపుతో, అదే వీణావాదనంతో దాటించాడు. చివరి బండి దాటాక మా అద్దం దగ్గరికొచ్చి అడిగాడు.

“అన్నా, ఒక్కసారి రేజ్ ఇయ్యవా?”

బావ మార్షల్ వైపు చూశాడు. మార్షల్ తల అడ్డంగా ఊపాడు. ఊళ్లో రేజ్ చేయడం మహాపాతకం. వాడి మొహం వాడిపోయింది. మేం మామిడితోటకు పోయాం. మైసూరు బజ్జీలు వెన్నముద్దల్లా వచ్చాయి, అల్లం చట్నీ అగ్నిహోత్రంలా వెలిగింది, కాని బావ రెండో బజ్జీ ముట్టలేదు.

తిరుగుదారిలో గడ్డ దగ్గరికొస్తే ఏముంది! గడ్డకు ఇటూ అటూ గోనెసంచుల్లో ఇసుక నింపి, వాటి మీద కోళ్లగూటి చెక్కలు పరిచి, పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు వాడు. వెంట ముగ్గురు వానరవీరులు. ఒంటి నిండా ఇసుక. లంకకు సేతువు కట్టడానికి ఎన్ని కోట్లమంది పట్టారో గాని, ఇక్కడ నలుగురికి ఒక టిఫిను సమయం పట్టింది. పద్దెనిమిది రథాలూ ఆ చెక్కల మీదుగా, పెళ్లిపల్లకీల్లా ఊగుతూ దాటాయి. అన్నిటికన్నా వెనక దాటిన బావ, దాటి, ఆపాడు. మళ్లీ మార్షల్‌ను చూశాడు. మార్షల్‌గారు ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, వాకీటాకీ బ్యాటరీని అత్యంత శ్రద్ధగా పరిశీలించసాగారు.

అప్పుడు మోగింది ఆ శంఖం! పది సిలిండర్లూ ఒకే గొంతై, నేల నుంచి వెన్నులోకి, వెన్ను నుంచి చెవుల్లోకి, చెవుల నుంచి వేపచెట్టు చిటారుకొమ్మకు పాకి, కాకిమూకను ఒక్కుమ్మడిగా ఆకాశంలోకి ఎగరేసి, కోళ్లను గంపల కిందికి తోలి, దూరపు గుట్టకు తగిలి మళ్లీ మా దగ్గరికే తిరిగి వచ్చిన నాదం. సేతుకర్తలు నలుగురూ చెవులు మూసుకుని, నోళ్లు తెరుచుకుని, గాల్లోకి గెంతారు. కుంటలో బర్రె మాత్రం నెమరు ఆపలేదు.

కాకులు తిరిగి వాలాక, కర్రకు గడ్డం ఆనించిన పెద్దాయన తల ఊపి, మెచ్చుకోలుగానే అన్నాడు:

“మా ట్రాక్టర్ సైలెన్సర్ ఊడినప్పుడు గూడ గిట్లనే ఉంటది.”

ఫెరూచియో వింటే మురిసిపోయేవాడు.